శనివారం సాయంత్రం ఫ్లషింగ్: నాన్నగారికి కంపు టోఫు కావాలి, అమ్మది ఒంటిపూట

పెద్దాపురం బుల్లోడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేనుండేది జెర్సీ సిటీలో. అమ్మానాన్న వచ్చి మూడు వారాలైంది. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లు అన్నీ అయిపోయాయి. నాన్నగారు హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. అప్పట్నుంచీ ఆయనకి యూట్యూబ్ పిచ్చి పట్టుకుంది, అందులోనూ తైవాన్ నైట్ మార్కెట్ల వీడియోలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోరు. రాత్రి పదింటికి ఇల్లంతా నూనె చిటపటలే. ఇక్కడికొచ్చాక ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కటే: "ఆ కంపు టోఫు ఒక్కసారి తిని చూడాలిరా." పులియబెట్టిన సోయా పనీరు లెండి అది. తైవాన్ తీసుకెళ్ళే స్తోమత ఇప్పుడు లేదు గానీ న్యూయార్క్‌లోనే క్వీన్స్‌లో, ఫ్లషింగ్ వైపు, తైవాన్ వాళ్ళ తిండి దొరుకుతుందని విన్నాను.

చిక్కల్లా అమ్మతోనే. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాకు సెలవు కుదిరేది శనివారమే, ఆ రోజు ఆవిడది ఒంటిపూట. మధ్యాహ్నం భోజనం చేసి రాత్రికి ఉల్లి, వెల్లుల్లి లేని ఫలహారం ఏదైనా తీసుకుంటుంది. నాన్నగారు చికెన్, చేప, రొయ్యలు తింటారు. బీఫ్, పోర్క్ వద్దు. పోనీ అమ్మని ఇంట్లో ఉంచి వెళ్దామా అంటే "మీరు వెళ్ళి రండి, నాకేం" అంటోంది. ఆ "నాకేం" ఎలాంటిదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కడికి వెళ్ళాలి, ఎన్నింటికి బయల్దేరాలి, అమ్మకి ఏం పెట్టాలి? ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు.

ఉప్మా వ్యతిరేకి:

ఇంత దూరం వచ్చి కంపు కొట్టేది కొనుక్కు తినడం ఏం సరదా అండీ బాబూ. ఆ వాసన తగిలితే నేను ఊపిరి బిగబట్టి రోడ్డు దాటేస్తాను. ఫ్లషింగ్‌లోనే గణేశుడి గుడి ఉంది, కింద క్యాంటీన్ ఉంది. ఇద్దరికీ దోసె పెట్టించి ఇంటికి తీసుకుపోండి. డబ్బూ మిగులుతుంది, సంసారమూ మిగులుతుంది.

పెనుగొండ పిల్ల:

ఉప్మా గారు చెప్పిన దాంట్లో సగం పనికొస్తుంది, ఆ సగం వాడుకుందాం.

నేను పదకొండేళ్ళుగా క్వీన్స్‌లోనే ఎల్మ్‌హర్స్ట్‌లో ఉంటున్నాను. ల్యాబ్‌లో మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి తొమ్మిది దాటాక దిగుతాను. అప్పుడింటికెళ్ళి వండుకునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఈ చుట్టుపక్కల రాత్రిపూట ఎక్కడ పొయ్యి వెలుగుతుందో నాకు ఇంటి దారికన్నా బాగా తెలుసు. రూజ్‌వెల్ట్ అవెన్యూలో, పైన ఏడు నంబరు రైలు దడదడలాడుతుంటే కింద టిబెట్ వాళ్ళ మోమో బండ్లు, కొలంబియా వాళ్ళ అరేపాలు, మెక్సికో వాళ్ళ మొక్కజొన్న కంకులు. ఇటు బ్రాడ్‌వే వైపు వస్తే థాయి, ఇండొనేసియా వాళ్ళవి, తైవాన్ వాళ్ళవి కొన్ని. ఇవన్నీ నడిచే దూరంలోనే.

నాన్నగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఫ్లషింగ్ ఇప్పుడు వీడియోల్లో చూసిన తైపేలా ఉండదు. 1965లో వలస చట్టం మారాక, 1970లలో తైవాన్ వాళ్ళు ఇక్కడికి రావడం మొదలైంది. అప్పట్లో మన్‌హటన్ చైనాటౌన్ అంతా కాంటనీస్ మాట్లాడేవాళ్ళది. వీళ్ళది మాండరిన్, ఇళ్ళల్లో తైవానీస్. అక్కడ పొసగక ఏడు నంబరు రైలు చివరి స్టేషన్ దాకా వచ్చి ఇల్లు చూసుకున్నారు. "లిటిల్ తైపే" అనేవారట అప్పట్లో. ఆ తర్వాత చైనా నలుమూలల నుంచీ జనం వచ్చారు. తైవాన్ వాళ్ళలో చాలామంది కాస్త చేతిలో డబ్బు ఆడాక లాంగ్ ఐలండ్ వైపు పెరడున్న ఇళ్ళకి మారిపోయారు. ఇప్పుడు మెయిన్ స్ట్రీట్‌లో సిచువాన్ మిరపకాయల ఘాటు ఎక్కువ, తైవాన్ రుచి వెతుక్కోవాలి. చైనా అక్షరాల బోర్డు కనబడగానే దూరిపోతే ఆయన అనుకున్నది దొరకదు.

మీకు శనివారమే కుదరడం ఒకరకంగా మంచిదే. క్వీన్స్ నైట్ మార్కెట్ శనివారం రాత్రే ఉంటుంది. జాన్ వాంగ్ అని ఒక లాయరు, చిన్నప్పుడు వేసవి సెలవులకి తైవాన్ వెళ్ళి అక్కడి నైట్ మార్కెట్లలో తిరిగిన మనిషి, ఆ సరదా వదల్లేక 2015లో దీన్ని మొదలుపెట్టారు. ఫ్లషింగ్ మెడోస్ పార్కులో సైన్స్ మ్యూజియం వెనక జరుగుతుంది. రకరకాల దేశాల వాళ్ళు వండి పెడతారు, తైవాన్ కొట్లు అందులో కొన్నే. చేతి చమురు మరీ వదలకుండా ఒక్కో వంటకం 5, 6 డాలర్లు దాటకూడదని మొదట్నుంచీ కట్టడి పెట్టుకున్నారు. వసంతం నుంచి శరత్తు దాకానే ఉంటుంది, మధ్యలో యూఎస్ ఓపెన్ టెన్నిస్ రోజుల్లో ఆపేస్తారు. వెళ్ళే ముందు తేదీ చూసుకోండి.

నాన్నగారు హిస్టరీ మనిషి అన్నారు కాబట్టి, 1964 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ పెద్ద ఉక్కు భూగోళం కూడా ఆ పార్కులోనే ఉంది. చీకటి పడకముందే ఫోటో తీయించేయండి, లేకపోతే తిండి దగ్గర కాలు నిలవదు.

మోకాళ్ళ సంగతి. మీ జెర్సీ సిటీ నుంచి మన్‌హటన్ వచ్చే పాత్ రైల్లో 33వ వీధికి వచ్చి, అక్కణ్ణుంచి ఒక బ్లాకు నడిస్తే పెన్ స్టేషన్. లాంగ్ ఐలండ్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో ఫ్లషింగ్‌లో ఉంటారు. ఏడు నంబరు రైలు చవకే గానీ ఆగి ఆగి వెళ్తుంది, మెట్స్ బేస్‌బాల్ జట్టు మ్యాచ్ ఉన్న రోజయితే నీలం, నారింజ చొక్కాల మధ్య అమ్మగారికి నిలబడే చోటు కూడా దొరకదు. నాలుగు గంటలకల్లా గుడికి చేరండి. బౌన్ స్ట్రీట్ అది. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి. ఆ వీధికి పేరొచ్చిన బౌన్ గారి ఇల్లు 1661 నాటిది, ఇప్పటికీ నిలబడే ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1657లో, ఈ ఊరివాళ్ళు డచ్చి గవర్నరుకి ఎదురు తిరిగి, క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళని వాళ్ళ ప్రార్థనలు చేసుకోనివ్వాలని కాగితం రాసి సంతకాలు పెట్టారు. ఆ వీధిలోనే ఇప్పుడు మన గుడి ఉంది. నాన్నగారికి ఇది చెప్పండి, ఆయన మీకు గంట పాఠం చెబుతారు.

అమ్మగారి ఫలహారం గుడి క్యాంటీన్లోనే పెట్టించేయండి. సాదా దోసె, కొబ్బరి చట్నీ. సాంబారులో ఉల్లి ఉందేమో అడగండి. కడుపు నిండిన అమ్మతో నైట్ మార్కెట్ తిరగడం వేరు, ఖాళీ కడుపుతో ఉన్న అమ్మతో తిరగడం వేరు.

ఇక అసలు మాట. "వెజిటేరియన్" అన్న ముక్కని నమ్ముకోకండి. నేను నమ్మి ఒకసారి బాగా తిన్నాను, అంటే తిట్లు. మా అత్తగారు వచ్చినప్పుడు ఇక్కడ ఒక హోటల్లో బీన్స్ వేపుడు చెప్పాం. "నో మీట్?" అంటే "నో మీట్, నో మీట్" అన్నాడు ఆ కుర్రాడు. ఆవిడ నాలుగు ముద్దలు తిన్నాక పళ్ళెం అడుగున గోధుమరంగు రవ్వలా ఏదో కనబడింది. "ఇదేంటమ్మా, సోయానా?" అని అడిగారు. సోయా కాదు. పోర్క్ కైమా. ఆ కుర్రాడి లెక్కలో ముక్కలుంటేనే మాంసం, రుచికి వేసిన రవ్వ లెక్కలోకి రాదు. ఆవిడ గొడవ చెయ్యలేదు, నీళ్ళతో పుక్కిలించి వచ్చి కూర్చున్నారు. ఇంటికెళ్ళాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఫోన్లో "ఆ బీన్స్" అంటే నాకు చెమటలే.

అడగాల్సిన మాట "సూ" (素), అంటే మాండరిన్‌లో శాకాహారం. ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయినా "వో చ్ సూ" (నేను శాకాహారం తింటాను) అంటే అర్థం చేసుకుంటారు. మాట తేలకపోతే ఆ అక్షరం ఫోన్లో పెద్దది చేసి చూపించండి.

నాన్నగారికి నేనైతే ఉప్పు మిరియాల చికెన్‌తో మొదలుపెడతాను. ముక్కలు సోయాసాస్, వెల్లుల్లి, మసాలాపొడిలో నానబెట్టి, చిలగడదుంప పిండి పొడిపొడిగా పట్టించి వేయిస్తారు. దించే ముందు గుప్పెడు తులసిలాంటి ఆకు పడేస్తారు. అది నూనెలో పడగానే మన చికెన్ పకోడీలో కరివేపాకు పడ్డ చప్పుడే. కాగితం సంచిలో పోసి మిరియాల ఉప్పు చల్లి రెండు వెదురు పుల్లలు గుచ్చి ఇస్తారు. నిలబడి తినాలి. ఇంటికి తీసుకెళ్తే మెత్తబడి చచ్చిపోతుంది. గోదావరి మనిషి కాబట్టి ఆయిస్టర్ ఆమ్లెట్ కూడా నచ్చొచ్చు, జిగురుగా ఉంటుంది, దానిమీద తీపి ఎర్ర సాస్ పోస్తారు. గువా బావ్ అనే ఆవిరి బన్ను, మాంసం అన్నం మాత్రం పోర్కే, అటు చూపించకండి.

కంపు టోఫుకి అడ్రసు చెప్పను. మెయిన్ స్ట్రీట్ చుట్టుపక్కల ఫుడ్ కోర్టుల్లో వెతకండి, వాసనే దారి చూపిస్తుంది. అమ్మగారికి మాత్రం అది పెట్టకండి. టోఫుయే కదా అనిపిస్తుంది గానీ పులియబెట్టే నీళ్ళల్లో చాలాచోట్ల రొయ్యపొట్టు పడుతుంది.

అమ్మగారికి మూడు చెప్తాను. ఒకటి, టోఫు పాయసం. ఫ్లషింగ్‌లోనే రూజ్‌వెల్ట్ అవెన్యూలో ఒక పూలకొట్లో ఓ మూల అమ్ముతారు. నిజంగా పూలకొట్టే, బొకేల మధ్యలోంచి చెయ్యి చాపి డబ్బా ఇస్తారు. మీగడ తరకలా వణుకుతుంటుంది, పైన అల్లం పాకం పోస్తారు. సాయంత్రమే తీసుకోండి, రాత్రిదాకా ఉంచరు. రెండు, చిలగడదుంప ఉండలు. వేగుతున్నప్పుడు జల్లిగరిటెతో అదిమి అదిమి వదులుతుంటే గోళీలంతవి నిమ్మకాయలంత పొంగుతాయి, లోపలంతా గుల్ల. కానీ ఆ మూకుట్లోనే చికెన్ వేయిస్తున్నారేమో చూసుకోవాలి. మూడు, పల్లీ చుట్ట. రుమాలు మందాన ఉన్న మైదా రొట్టె మీద, పల్లీ అచ్చు దిమ్మని వడ్రంగి చిత్రిక పట్టినట్టు గీకి పొడి రాలుస్తారు. మీద రెండు ఉండలు ఐస్‌క్రీం, ఆపైన కొత్తిమీర. ఐస్‌క్రీం మీద కొత్తిమీరేంటని నేనూ నవ్వాను, ఇప్పుడు కొత్తిమీర తక్కువైతే అడిగి వేయించుకుంటాను. ఐస్‌క్రీంలో గుడ్డు లేదని మాత్రం ముందు తేల్చుకోండి. చక్రాల్లాంటి కేకులు కనబడతాయి, లోపల మన బొబ్బట్టు పూర్ణంలా ఎర్ర బీన్స్ ఉంటుంది, ఆవిడకి తప్పకుండా నచ్చేదే. పిండిలో గుడ్డు కలుపుతారు. కాబట్టి వద్దు.

ఫ్లషింగ్ నుంచి నైట్ మార్కెట్‌కి రైల్లో రెండు స్టేషన్లే గానీ 111వ వీధిలో పైనుంచి మెట్లు దిగాలి. క్యాబ్ ఎక్కించండి.

షిన్‌చూ పాత స్టూడెంట్:

పెనుగొండ గారు "సూ" గురించి చెప్పింది బంగారం లాంటి మాట, దానికి కొంచెం కలుపుతాను. నేను తైవాన్‌లో షిన్‌చూలో రెండేళ్ళు చదివాను. వెళ్ళిన మొదటి వారం పస్తులే అనుకున్నాను. ఒకరోజు సందులో ఓ బోర్డు మీద స్వస్తిక్ కనబడింది. ఎవరో మనవాళ్ళ గుడి కట్టారనుకుని వెళ్తే, శాకాహార భోజన హోటల్. అక్కడ బౌద్ధుల శాకాహారానికి అదే గుర్తు. పళ్ళెంలో కావలసినవి పెట్టుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. పనస కూర తప్ప అన్నీ తిన్నాను.

మీ అమ్మగారి నియమం వాళ్ళకి వింత కాదు. గుడ్డు తినే శాకాహారం, పాలు తాగే శాకాహారం, ఉల్లిజాతి కూడా వదిలేసే శాకాహారం, ఒక్కోదానికీ ఒక్కో పేరుంది, ప్యాకెట్ల మీద కూడా అచ్చు వేస్తారు. "ఛ్వెన్ సూ" అంటే అన్నిటికన్నా గట్టిది, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. అమ్మగారి శనివారానికి అదే మాట.

ఇందులో ఒక తమాషా ఉంది. వాళ్ళు నిషేధించే ఐదు ఘాటు దినుసుల పాత జాబితాలో ఉల్లి, వెల్లుల్లి జాతివి నాలుగైతే, ఐదోది ఇంగువ. సంస్కృతం హింగు అన్న మాటే వాళ్ళ పుస్తకాల్లోకి వెళ్ళింది. మా ఇంటి ఓనరమ్మ నిష్ఠగా ఉండే మనిషి. ఉల్లి లేదు కదా అని గొప్పగా పులిహోర చేసి పట్టుకెళ్ళాను. మూత తీసి వాసన చూసి, ఫోన్లో ఏదో వెతికి, నవ్వి, చేతులు జోడించి గిన్నె వెనక్కి ఇచ్చేసింది. మనం ఉల్లికి బదులు వేసుకునేదే వాళ్ళకి ఉల్లితో సమానం. కాబట్టి అమ్మగారు పర్సులో ఇంగువ డబ్బా పెట్టుకొస్తే ఎవరికీ ఇవ్వకండి :)

పెద్దాపురం బుల్లోడు:

అందరికీ వందనాలు. పెనుగొండ గారూ, మీ బీన్స్ కథ అమ్మకి చదివి వినిపించాను. "పాపం ఆవిడ" అంది. అత్తగారినో మిమ్మల్నో తెలియలేదు. ఒక్క సందేహం. బోబా టీ ఫలహారం కిందకి వస్తుందా?

పెనుగొండ పిల్ల:

అయ్యో, పెద్దాపురం వాళ్ళై ఉండి నన్నడుగుతారేంటండీ. అందులో నల్ల గుండ్లు కర్రపెండలం పిండివే. మీ ఊరు, సామర్లకోట మిల్లుల్లో ఆడే సగ్గుబియ్యానికి పెద్దనాన్న కొడుకులు. బెల్లం లాంటి నల్ల చక్కెరలో ఉడికిస్తారు. ఇదంతా తైవాన్‌లో 1980లలో మొదలైన వ్యవహారం. పాలపొడి బదులు తాజా పాలు వేసే చోట తీసుకోండి, చక్కెర ముప్ఫై శాతం చెప్పండి. వంద చెబితే అది టీ కాదు, పానకం.

పెద్దాపురం బుల్లోడు (సోమవారం):

వెళ్ళొచ్చాం. గుడి, దోసె, బౌన్ గారి ఇల్లు అన్నీ అనుకున్నట్టే. నాన్నగారి పాఠం గంట కాదు, గంటన్నర.

కంపు టోఫు మెయిన్ స్ట్రీట్ పక్కనే దొరికింది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చాలా దూరంలో నిలబడింది. చిన్న కాగితం తొట్టిలో ఆరు ముక్కలు. ఒక్కోదాని నడుమ పుల్లతో పొడిచి, ఆ చిల్లులో వెల్లుల్లి సాస్ పోసి, పక్కన ఊరబెట్టిన క్యాబేజీ పెట్టారు. పైన కరకర, లోపల స్పాంజి. నాన్నగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను టెన్షన్‌తో నీళ్ళ సీసా మూత తీసి పట్టుకున్నాను. చాలాసేపటికి అన్నారు: "మా నాయనమ్మ గారింటి దొడ్లో కుడితి తొట్టి పక్కన నిలబడి వేడి గారె తిన్నట్టుందిరా." బాగుందా అంటే చెప్పలేదు గానీ నాలుగు ముక్కలు తిన్నారు. మిగిలిన రెండూ నా వాటా. నాకు కుడితి కనబడింది గానీ గారె కనబడలేదు.

నైట్ మార్కెట్లో అమ్మ పల్లీ చుట్ట దగ్గర ఆగిపోయింది. ఆ చిత్రిక పట్టడం పది నిమిషాలు చూసింది. తినలేదు, ఐస్‌క్రీంలో గుడ్డు ఉందో లేదో అమ్మే అమ్మాయికీ తెలియదు. ఉండలు వేయించే మూకుడు వేరుగానే ఉంది, కాబట్టి అవి తింది. తర్వాత బోబా టీ. మొదటి గుండు నమిలి "ఇది ఉడకలేదు, ఇంకా రెండు పొంగులు రావాలి" అంది. వాళ్ళకి అలా సాగితేనే ఇష్టమట అన్నాను. మా మేనమామ సగ్గుబియ్యం మిల్లులో గుమాస్తాగా చేశాడు లెండి, ఆవిడకి ఆ పిండి చిన్నప్పట్నుంచీ తెలుసు. గ్లాసు పూర్తి చేసింది. "సగ్గుబియ్యమే కదా, శనివారానికి పనికొస్తుంది" అని తనే తీర్పిచ్చింది.

నాన్నగారి చొక్కా రెండు రోజులుగా బాల్కనీలోనే ఆరుతోంది. ఇప్పుడు అమ్మకి ఆ నల్ల సగ్గుబియ్యం పచ్చిది ఒక ప్యాకెట్ కావాలట, ఊరికి పట్టుకెళ్ళి తమ్ముడికి చూపించాలట. ఎక్కడ దొరుకుతుంది?

పెనుగొండ పిల్ల:

ఫ్లషింగ్‌లో న్యూ వరల్డ్ మాల్ అని ఉంది, అక్కడి సూపర్ మార్కెట్‌లో చూడండి. మన సగ్గుబియ్యంలా నానబెట్టొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. నీళ్ళు కళపెళ మరిగాకే వెయ్యాలి. చన్నీళ్ళలో వేస్తే కరిగి గంజి అయిపోతుంది. నేను మొదటిసారి అలాగే చేసి గిన్నె పారేశాను.